అల్బర్టా రాష్ట్ర రాజకీయాల్లో తెలుగు వలసజీవి: ప్రసాద్ పండా ఎన్నికల ప్రస్థానం (2012–2023)

వ్యాససంగ్రహం

ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, 2004లో కెనడాకు వలసవెళ్ళిన ఇంజనీరు ప్రసాద్ పండా, అల్బర్టా రాష్ట్ర శాసనసభకు రెండు పర్యాయాలు ఎన్నికై, మూడేళ్ళకు పైగా మంత్రిగా పనిచేశారు. ప్రవాసాంధ్రుల రాజకీయవిజయాలను తెలుగులో సాధారణంగా జాతిగౌరవానికి సంబంధించిన విషయంగా వర్ణిస్తారు. ఈ వ్యాసం ఆ దృష్టికి భిన్నంగా, పండా పోటీచేసిన ఎన్నికలను వరుసగా పరిశీలిస్తుంది. ఓటర్లలో సంఖ్యాబలం లేని సముదాయానికి చెందిన అభ్యర్థి ఎలా గెలుస్తాడు, ఎందుకు ఓడిపోతాడు అన్న ప్రశ్నకు సమాధానం అతని సముదాయంలో కాక, పార్టీ అవసరాల్లోనూ నియోజకవర్గ స్వభావంలోనూ వెదకాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వలస, పౌరసత్వం, ఓటుహక్కు, ప్రవాసాంధ్రులు, అల్బర్టా, కాల్గరీ, వైల్డ్‌రోజ్ పార్టీ, ఉపఎన్నిక, ప్రాతినిధ్యం.

1. ప్రవేశిక

అనంతపురం పీఠభూమిలో ‘వలస’ అన్న మాట కరువుతో ముడిపడి ఉంది. కొత్తచెరువు, బుక్కపట్నం, నల్లమాడ ప్రాంతాల్లో వాన ముఖం చాటేసిన ఏడు వేరుశనగ చేను ఎండిపోతే, కూలికుటుంబాలు బెంగుళూరుకో కేరళకో పని వెదుక్కుంటూ వెళ్తాయి. ఆ వలసకు రాజకీయంగా ఒక లక్షణం ఉంది. మనిషి వెళ్ళిపోయినా ఓటు ఊళ్ళోనే ఉంటుంది. ఉన్నచోట ఓటు ఉండదు, ఓటున్నచోట మనిషి ఉండడు. పోలింగు రోజున ఊరికి వచ్చి వేలికి సిరా వేయించుకొని తిరిగి బస్సెక్కే వలసకూలీ తన శ్రమను ఒక రాష్ట్రానికీ, తన ఓటును మరొక రాష్ట్రానికీ ఇస్తున్నాడు. బెంగుళూరు శివార్లలో అతడు నివసించే పేటకు నీళ్ళు రాకపోతే అడగవలసిన ప్రజాప్రతినిధి అతని ఓటుతో గెలిచినవాడు కాడు.

సముద్రాలు దాటిన వలసలో ఈ పరిస్థితి తారుమారవుతుంది. భారత పౌరసత్వచట్టం, 1955లోని 9వ సెక్షన్ ప్రకారం, స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం స్వీకరించిన వ్యక్తి భారతపౌరుడుగా ఉండడు. పాస్‌పోర్టు మార్చుకోని ప్రవాసికి 2010 నాటి ప్రజాప్రాతినిధ్యచట్ట సవరణ స్వస్థలపు ఓటర్ల జాబితాలో పేరు నమోదుచేసుకొనే వీలు కల్పించింది. అయితే ఆ ఓటు వేయడానికి అతడు స్వయంగా వచ్చి తీరాలి. ‘ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా’ కార్డు పేరులో పౌరసత్వం ఉన్నా అందులో ఓటు లేదు. కెనడా పౌరుడైన తెలుగువాడు అక్కడి శాసనసభకు పోటీచేస్తున్నాడంటే, పుట్టినచోటి ఓటును వదులుకొనే ఆ పని చేస్తున్నాడన్నమాట. పుట్టినగడ్డ పట్ల ఉన్న మమకారానికీ రాజకీయసభ్యత్వానికీ మధ్య చట్టం గీసిన ఈ గీతను ప్రవాసాంధ్రుల రాజకీయాలపై వచ్చే తెలుగు రచనలు తరచుగా గమనించవు. ‘మనవాడు అక్కడ మంత్రి అయ్యాడు’ అన్న వాక్యంలో ‘మన’ శబ్దానికి సాంస్కృతికార్థమే తప్ప రాజకీయార్థం లేదు.

ప్రసాద్ పండా ప్రస్థానం ఈ చర్చకు అనువైన ఉదాహరణ. ఆయన ఇంటిపేరులోనే ఒక సూచన ఉంది. ఉత్తరాంధ్ర–ఒడిశా సరిహద్దుకు రెండువైపులా వినిపించే పేరది. రాష్ట్రాల హద్దులను ఇంటిపేర్లు లెక్కచేయవు.

2. కెనడాలో భారతీయుల ఓటు

కెనడాలో భారతసంతతివారి ఎన్నికలచరిత్ర నిషేధంతో మొదలయింది. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 1907లో భారతీయుల ఓటుహక్కును తొలగించింది. 1914లో 376 మంది ప్రయాణికులతో వాంకూవరు రేవు చేరిన కొమగట మారు ఓడను రెండునెలలు నీటిమీదనే నిలిపి వెనక్కు పంపారు. ఓటుహక్కు తిరిగి దక్కడానికి 1947 వరకు ఆగవలసివచ్చింది. నలభైయేళ్ళపాటు ఆ రాష్ట్రంలో కలపమిల్లుల్లో పనిచేసి, పన్నులు కట్టిన ఒక తరం మొత్తం ఓటు వేయకుండానే వృద్ధాప్యానికి చేరుకుంది. 1967లో చదువు, వృత్తినైపుణ్యం, భాష ఆధారంగా మార్కులు వేసే వలసవిధానం రావడంతో ఇంజనీర్లకు, వైద్యులకు, ఉపాధ్యాయులకు తలుపులు తెరుచుకున్నాయి. ఇరవయ్యేళ్ళు తిరగకముందే, 1986లో, మో సిహోటా బ్రిటిష్ కొలంబియా శాసనసభకు ఎన్నికయ్యారు. 2000లో అదే రాష్ట్రానికి ఉజ్జల్ దోసాంఝ్ ముఖ్యమంత్రి అయ్యారు. అల్బర్టాలో రాజ్ పన్ను 1997లో శాసనసభ్యుడై, 2000లో న్యూ డెమొక్రాటిక్ పార్టీ రాష్ట్రశాఖకు నాయకత్వం వహించారు.

ఈ పేర్లన్నీ పంజాబీలవి. పంజాబీ వలస ప్రాచీనమైనది. పైగా కొన్ని నగరాల్లో, కొన్ని పేటల్లో చిక్కగా స్థిరపడింది. కాల్గరీ నగరం ఈశాన్యభాగంలో ఈ సాంద్రత ఎన్నికల స్వరూపాన్నే మార్చివేసింది. అక్కడి కాల్గరీ–గ్రీన్‌వే సభ్యుడు మన్‌మీత్ భుల్లర్ 2015 నవంబరులో రోడ్డుప్రమాదంలో మరణించగా, 2016 మార్చిలో జరిగిన ఉపఎన్నికలో ప్రధానపార్టీలు చాలావరకు దక్షిణాసియా మూలాలున్న అభ్యర్థులనే నిలబెట్టాయి. అటువంటి చోట ‘వలససముదాయపు అభ్యర్థి’ అన్నమాటకు ప్రత్యేకార్థం ఉండదు. ఓటరు పార్టీని చూసి ఎంచుకుంటాడు. అభ్యర్థి మూలం అందరికీ సమానమే.

తెలుగువారి స్థితి వేరు. వారి వలస ఇటీవలిది, వృత్తిపరమైనది, చెదరినది. ఏ ఒక్క నియోజకవర్గాన్నీ సొంతబలంతో గెలిపించగల సంఖ్యలో వారు కాల్గరీలో లేరు. అందువల్ల పంజాబీ నాయకుల ఎదుగుదలను వివరించే నమూనా తెలుగు అభ్యర్థికి వర్తించదు. తెలుగుసంఘాల ఉగాది వేదికలమీది సత్కారాలను ఎన్నికలబలంగా భ్రమించే ప్రమాదం ఇక్కడే ఉంది.

3. ఎవరూ ఊహించని పార్టీ

పండా భారతదేశంలో రిలయన్స్ ఇండస్ట్రీస్‌లోనూ, వలసవెళ్ళాక కాల్గరీలో సన్‌కోర్ ఎనర్జీలోనూ ఇంజనీరుగా పనిచేశారు. కాల్గరీ చమురుకంపెనీల కేంద్రకార్యాలయాల నగరం. అక్కడి రాజకీయాల్లో చమురు, విశాఖ ఉక్కుకర్మాగారం చుట్టూ ఉన్న పేటల్లో ఉక్కులాగా, వృత్తిగాను జీవనాధారంగాను ఓటుకు ప్రాతిపదికగాను ఉంటుంది.

2012 ఏప్రిల్ 23న జరిగిన రాష్ట్ర ఎన్నికల్లో, వలసవచ్చిన ఎనిమిదేళ్ళకే, పండా కాల్గరీ–నార్తర్న్ హిల్స్ నుంచి వైల్డ్‌రోజ్ పార్టీ అభ్యర్థిగా నిలబడ్డారు. ఈ ఎంపిక ఆశ్చర్యం కలిగించేది. 1971 నుంచి నిరంతరాయంగా అధికారంలో ఉన్న ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీ, పట్టణ ఉద్యోగవర్గంలో ఎదగదలచిన వలసజీవికి సహజమైన ద్వారం. దానికి కుడివైపున, ప్రధానంగా గ్రామీణప్రాంతాల అసంతృప్తినుంచి బలం పుంజుకున్న పార్టీ వైల్డ్‌రోజ్. అప్పటి దాని నాయకురాలు డానియెల్ స్మిత్. ఆ ఎన్నికల ప్రచారంలోనే, కాల్గరీలోనే, అదే పార్టీకి చెందిన మరొక అభ్యర్థి, తాను తెల్లజాతివాడు కావడం అన్ని సముదాయాలతోనూ మాట్లాడడానికి కలిసివచ్చే అంశమని రేడియోలో అన్నారు. ఆ మాట పార్టీని చివరిదాకా వెంటాడింది. గెలుస్తుందని సర్వేలు చెప్పిన వైల్డ్‌రోజ్ 87 స్థానాల సభలో 17 దగ్గర ఆగిపోయింది. ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లకు 61 వచ్చాయి.

నార్తర్న్ హిల్స్‌లో పండాపై గెలిచిన అభ్యర్థి తెరెసా వూ–పా. ఆమె హాంకాంగ్‌లో పుట్టి వచ్చిన వలసజీవి. అంటే ఆ నియోజకవర్గంలో అధికారపక్షానికీ ప్రధానప్రతిపక్షానికీ మధ్య పోటీ ఇద్దరు వలసజీవుల మధ్య పోటీగా సాగింది. వైల్డ్‌రోజ్‌ను వలసవ్యతిరేక పార్టీగా మాత్రమే చిత్రించినవారికి ఈ విషయం కొరుకుడు పడదు. అభ్యర్థిని పార్టీ స్థానికశాఖ సభ్యులు ఓటువేసి ఎన్నుకొనే కెనడా పద్ధతిలో, పట్టణాల్లో శాఖలు బలహీనంగా ఉన్న కొత్తపార్టీలోకి కొత్తవాడు ప్రవేశించడం తేలిక. నలభైయేళ్ళ అధికారపక్షంలో ప్రతి స్థానానికీ ముందే వరుస కట్టి నిలుచున్నవారు ఉంటారు. కొత్తపార్టీలో ఆ వరుస ఉండదు. గెలుపు అనుమానమే అయినా అభ్యర్థిత్వం అందుబాటులో ఉంటుంది. వలసజీవుల రాజకీయప్రవేశాన్ని సిద్ధాంతంతో వివరించే ముందు ఈ మామూలు లెక్కను చూడాలి.

పార్టీపట్ల ఆయన నిలకడకు పరీక్ష 2014 డిసెంబరులో ఎదురైంది. ప్రతిపక్షనాయకురాలు స్మిత్ తానే ఎనిమిదిమంది సభ్యులను వెంటబెట్టుకొని అధికారపక్షంలో చేరిపోయారు. వైల్డ్‌రోజ్‌కు సభలో ఐదుగురే మిగిలారు. తెలుగు పాఠకులకు ఫిరాయింపులు కొత్త కాదు. అయినా ప్రతిపక్షనాయకురాలే పక్షాన్ని వెంటబెట్టుకొని అవతలి బల్లలకు నడిచివెళ్ళిన సంఘటన కెనడా పార్లమెంటరీ చరిత్రలోనే అరుదు. ఆ శిథిలమైన పార్టీ తరఫునే 2015 మే ఎన్నికల్లో పండా మళ్ళీ నార్తర్న్ హిల్స్‌లో పోటీచేశారు. ఈసారి మూడో స్థానం దక్కింది. న్యూ డెమొక్రాటిక్ పార్టీకి చెందిన జేమీ క్లైన్‌స్టూబర్ గెలిచారు.

4. 2015 సెప్టెంబరు: కాల్గరీ–ఫుట్‌హిల్స్ ఉపఎన్నిక

2015 మే 5న అల్బర్టాలో నలభైనాలుగేళ్ళ ఏకపక్షపాలన ముగిసింది. రేచెల్ నాట్లీ నాయకత్వంలో న్యూ డెమొక్రాట్‌లు 54 స్థానాలు గెలిచారు. వైల్డ్‌రోజ్‌కు 21, ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లకు 10 వచ్చాయి. ఓడిన ముఖ్యమంత్రి జిమ్ ప్రెంటిస్, కాల్గరీ–ఫుట్‌హిల్స్‌లో తాను గెలిచి కూడా, ఆ రాత్రే పార్టీ నాయకత్వానికీ సభ్యత్వానికీ రాజీనామా చేశారు. ఆయనకు అంతకుముందు అక్టోబరులోనే ఉపఎన్నికలో గెలిపించి పంపిన ఓటర్లు ఏడాది తిరగకముందే మూడోసారి పోలింగు కేంద్రాలకు రావలసివచ్చింది.

ఈ ఉపఎన్నిక ప్రాధాన్యాన్ని గ్రహించాలంటే వైల్డ్‌రోజ్ గెలిచిన 21 స్థానాలు ఎక్కడివో చూడాలి. కాల్గరీ నగరంలోని 25 స్థానాల్లో ఒక్కటీ ఆ పార్టీకి రాలేదు. 2012లో అక్కడ గెలిచిన రెండు స్థానాలు కూడా చేజారాయి. ప్రధానప్రతిపక్షం రాష్ట్రంలోని అతిపెద్ద నగరంలో గొంతులేనిదయింది. బ్రయాన్ జీన్ నాయకత్వంలోని పార్టీకి కాల్గరీలో ఒక స్థానం కావాలి. తాము పల్లెల పార్టీ మాత్రమే కాదనీ, ప్రభుత్వానికి ప్రత్యామ్నాయమనీ నిరూపించడానికి ఆ ఒక్కటి చాలు. రెండుసార్లు ఓడినా పార్టీని వీడని, చమురురంగంలో పనిచేసిన కాల్గరీ ఇంజనీరును పార్టీ నిలబెట్టింది.

నియోజకవర్గం తేలికైనది కాదు. 1971లో ఏర్పడిన నాటినుంచి ఫుట్‌హిల్స్‌లో ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లు తప్ప ఎవరూ గెలవలేదు. న్యూ డెమొక్రాట్‌లు పూర్వపు శాసనసభ్యుడు, చిరకాల నగరమండలి సభ్యుడు బాబ్ హాక్స్‌వర్త్‌ను దింపారు. అనుభవంలోనూ పరిచయాల్లోనూ ఆయన పండాకంటే ఎంతో ముందున్నవారు. అయితే ఆ వేసవిలో ఓటరు అభ్యర్థుల అనుభవాన్ని తూచే స్థితిలో లేడు. 2014 మధ్యలో పీపా వందడాలర్లకు పైగా పలికిన అమెరికా ముడిచమురు 2015 ఆగస్టులో యాభైకి దిగువన ఉంది. సన్‌కోర్ ఆ ఏడాది జనవరిలోనే వెయ్యి ఉద్యోగాల కోత ప్రకటించింది. కొత్త ప్రభుత్వం కంపెనీల ఆదాయపన్నును 10 శాతం నుంచి 12 శాతానికి పెంచింది. చమురు రాయల్టీలను సమీక్షిస్తామని, కనీసవేతనాన్ని గంటకు 15 డాలర్లకు చేరుస్తామని చెప్పింది. ఈ నిర్ణయాల్లో ఏవి మంచివో ఏవి కావో వేరే చర్చ. చమురుధర పడిపోవడానికి వాటితో సంబంధం లేదు. కానీ ఉద్యోగం పోతుందన్న భయంతో ఉన్న వాయవ్యకాల్గరీ గృహస్థుకు ఎదురుగా కనబడిన ప్రభుత్వం అదొక్కటే. ప్రపంచచమురు విపణికి వ్యతిరేకంగా ఓటువేసే వీలు ఎవరికీ లేదు.

మరొక అంశం నిధులు. న్యూ డెమొక్రాటిక్ ప్రభుత్వం తన మొట్టమొదటి చట్టంగా, పార్టీలకు కంపెనీలు, కార్మికసంఘాలు ఇచ్చే విరాళాలను నిషేధించింది. కంపెనీల విరాళాలకు అలవాటుపడిన ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లకు అది గట్టిదెబ్బ. వ్యక్తుల చిన్నచిన్న విరాళాలపై నడిచిన వైల్డ్‌రోజ్‌కు అంత నష్టం లేదు. తన విధానాలను నిరసించే అభ్యర్థికే ప్రభుత్వపు చట్టం ఈ విధంగా కొంత మేలు చేసిందని చెప్పవచ్చు.

సెప్టెంబరు 3న పండా గెలిచారు. హాక్స్‌వర్త్ రెండోస్థానంలో, దశాబ్దాల అధికారపక్షం మూడోస్థానంలో నిలిచాయి. ఆ రోజునుంచి 2017లో పార్టీలు విలీనమయ్యేదాకా సభలో కాల్గరీనుంచి వైల్డ్‌రోజ్‌కు ఉన్న ఏకైక సభ్యుడు ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన వలసజీవి. పల్లెల పార్టీకి నగరంలో ఉన్న ఒకే ఒక్క ముఖం ఆ నగరంలో పదకొండేళ్ళ క్రితం దిగిన మనిషిది.

ఈ విజయంలో తెలుగు ఓటు పాత్ర ఎంత? ఓట్ల సంఖ్యగా చూస్తే నామమాత్రం. అయితే అల్బర్టాలో 2016 నాటికి ఒక నియోజకవర్గ సగటు జనాభా 47 వేల లోపే ఉండేది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటర్లే సగటున రెండులక్షలకు పైగా ఉంటారు. కొత్తచెరువును కలుపుకొన్న పుట్టపర్తి నియోజకవర్గంలో బహిరంగసభలు, మండలనాయకులు, కులసంఘాల మద్దతుప్రకటనలు చేసే పనిని అక్కడ తలుపుతట్టి మాట్లాడే స్వచ్ఛందకార్యకర్తలు చేస్తారు. ఉపఎన్నికలో ఇది మరింత నిజం. సాయంకాలాలు ఖాళీచేసుకొని ఇల్లిల్లూ తిరిగే నలభైమంది, బ్యాలెట్‌మీద నాలుగువందల ఓట్లకంటే విలువైనవారు కావచ్చు. సంఖ్యలో చిన్నదైన సముదాయం అభ్యర్థికి ఇవ్వగలిగింది శ్రమ, ప్రయాణసాధనాలు, చిన్నవిరాళాలు, పార్టీ సభ్యత్వాలు. ప్రవాససంఘాల రాజకీయప్రభావాన్ని అంచనా కట్టవలసింది వీటితోనే తప్ప ‘తెలుగు ఓటుబ్యాంకు’ వంటి మాటలతో కాదు.

5. విలీనం, మంత్రిత్వం

2017 జులైలో వైల్డ్‌రోజ్, ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ పార్టీల సభ్యులు విలీనాన్ని 95 శాతం ఓట్లతో ఆమోదించారు. యునైటెడ్ కన్సర్వేటివ్ పార్టీ ఏర్పడింది. అక్టోబరులో జేసన్ కెన్నీ నాయకుడయ్యారు. కెన్నీ అంతకుముందు కేంద్రంలో పౌరసత్వ, వలసవ్యవహారాల మంత్రి. వలససముదాయాలను సంప్రదాయవాద పక్షంవైపు తిప్పడాన్నే తన ప్రత్యేకకృషిగా చేసుకున్న నాయకుడు. గురుద్వారాలకు, దేవాలయాలకు, సాంస్కృతికోత్సవాలకు ఆయన తిరిగినంతగా ఆ పక్షంలో మరెవరూ తిరగలేదు. ఇటువంటి నాయకుడి చేతికి కొత్తపార్టీ రావడం, పండా వంటివారికి అనుకూలించిన పరిణామం. ప్రతిపక్షంలో ఇంధనవ్యవహారాల ప్రతినిధిగా పండా వ్యవహరించారు. ఆయన వృత్తిజీవితం నేరుగా రాజకీయవినియోగంలోకి వచ్చింది ఈ దశలోనే.

2019 ఎన్నికలకు ముందు నియోజకవర్గాల హద్దులు మారాయి. 2008 పునర్విభజన పుట్టపర్తి పేరుతో కొత్త నియోజకవర్గాన్ని సృష్టించినట్లే, అక్కడ కాల్గరీ–ఎడ్జ్‌మాంట్ కొత్తగా పుట్టింది. పాత ఫుట్‌హిల్స్‌లో ఒక భాగం అందులో కలిసింది. చైనా మూలాలున్న కుటుంబాలు గణనీయంగా ఉన్న వాయవ్య శివారు అది. ఏప్రిల్ 16న యునైటెడ్ కన్సర్వేటివ్‌లు 63 స్థానాలు, కాల్గరీలోని 26లో 23 గెలిచారు. ఎడ్జ్‌మాంట్ పండాకు దక్కింది. నాలుగేళ్ళ క్రితం కాల్గరీలో ఒంటరి అయిన సభ్యుడు ఇప్పుడు ఇరవైముగ్గురిలో ఒకడు. అంకెల్లో ఇది పార్టీ విజయం. ఆ సభ్యుని అరుదైనతనం మాత్రం అంతరించింది.

ఏప్రిల్ 30న ఏర్పడిన మంత్రివర్గంలో పండా మౌలికవసతుల మంత్రి అయ్యారు. అల్బర్టాలో ఈ శాఖ బడులు, ఆసుపత్రులు, ప్రభుత్వభవనాల నిర్మాణాన్ని చూస్తుంది. రోడ్లు రవాణాశాఖవి. కాల్గరీలో 140 కోట్ల డాలర్ల కాన్సర్ చికిత్సాకేంద్రం నిర్మాణం ఆయన హయాంలో కొనసాగింది. అయిదు ఉన్నతపాఠశాలలను ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2021లో ఆయన ప్రవేశపెట్టిన మౌలికవసతుల జవాబుదారీ చట్టం, నిర్మాణప్రణాళికలకు ప్రాధాన్యక్రమం నిర్ణయించే ప్రమాణాలను చట్టబద్ధం చేసి, ఇరవయ్యేళ్ళ మూలధనప్రణాళికను తప్పనిసరి చేసింది. ఏ ఊరికి బడి రావాలన్నది ఏ సభ్యుడు ఎంత గట్టిగా అడిగాడన్నదాన్నిబట్టి కాక, ప్రకటిత ప్రమాణాలనుబట్టి తేలాలన్నది ఆ చట్టం ఉద్దేశం. ఇంజనీరు మంత్రిగా వచ్చినప్పుడు పుట్టే చట్టమది. ఓట్లు రాల్చే చట్టం మాత్రం కాదు.

ఆ మంత్రివర్గంలో రాజన్ సాహ్నీ, లీలా అహీర్, నైజీరియాలో పుట్టిన కేసీ మాడు కూడా ఉన్నారు. మాడు స్థితి పండా పూర్వస్థితికి ప్రతిబింబం. 2019లో ఎడ్మంటన్ నగరం మొత్తంమీద యునైటెడ్ కన్సర్వేటివ్‌లు గెలిచిన ఏకైక స్థానం ఆయనది. పార్టీ బలహీనంగా ఉన్న నగరంలో పార్టీకి మిగిలిన ఒంటరి సభ్యుడు వలసజీవి కావడం రెండుసార్లు జరిగింది. దీన్ని కాకతాళీయమని కొట్టివేయలేం. సొంతబలం తక్కువున్న చోటుకు పార్టీలు కొత్తవారిని పంపుతాయి. ఆ కొత్తవారిలో వలసజీవులు ఎక్కువ. గాలి అనుకూలించినచోట వారు గెలుస్తారు.

అమెరికాలో అరుణా మిల్లర్ ప్రస్థానాన్ని దీని పక్కన పెట్టి చూడవచ్చు. హైదరాబాదులో కాట్రగడ్డ ఇంట పుట్టి, ఏడేళ్ళ వయసులో అమెరికా వెళ్ళిన ఆమె కూడా ఇంజనీరే. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ రవాణాశాఖలో పాతికేళ్ళు పనిచేశారు. 2010లో డెమొక్రాట్‌గా రాష్ట్రశాసనసభకు ఎన్నికై రెండు పర్యాయాలు కొనసాగారు. 2018లో కేంద్ర ప్రతినిధిసభకు పార్టీ అభ్యర్థిత్వం కోరినప్పుడు, సొంతడబ్బు కోటిడాలర్లకు పైగా వెచ్చించిన డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడిపోయారు. 2022లో వెస్ మూర్ ఆమెను తన జోడీ అభ్యర్థిగా ఎంచుకోవడంతో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరు పదవి లభించింది. పండాకూ ఆమెకూ సిద్ధాంతాల్లో పోలిక లేదు. వలసవెళ్ళిన వయసు వేరు, ఎన్నికలపద్ధతి వేరు. కానీ ఇద్దరి విషయంలోనూ సముదాయం తెచ్చిపెట్టిన స్థానం లేదు. వృత్తి ఇచ్చిన విశ్వసనీయత, పార్టీలో ఓర్పు, సరైన సమయంలో మరొకరికి కలిగిన అవసరం ఉన్నాయి. మిల్లర్ ఓటమిలో ధనబలం పాత్ర స్పష్టం. సంఖ్యాబలం లేని సముదాయాల అభ్యర్థులకు ఆ అడ్డంకి మరీ కఠినమైనది.

6. 2022–23: కాల్గరీ తిరుగుబాటు

2022 మే 18న జరిగిన నాయకత్వసమీక్షలో కెన్నీకి 51.4 శాతం మద్దతే వచ్చింది. ఆయన రాజీనామా ప్రకటించారు. నాయకత్వపోటీకి దిగిన రాజన్ సాహ్నీ రవాణాశాఖను వదలగా, జూన్‌లో ఆ శాఖ పండాకు వచ్చింది. పోటీలో గెలిచింది, ఎనిమిదేళ్ళ క్రితం వైల్డ్‌రోజ్‌ను విడిచివెళ్ళిన డానియెల్ స్మిత్. అక్టోబరులో ఏర్పడిన ఆమె మంత్రివర్గంలో పండాకు చోటు దక్కలేదు. 2012లో ఆమె నాయకత్వంలో మొదటిసారి పోటీచేసిన మనిషి, ఆమె వెళ్ళిపోయినా పార్టీలో ఉండిపోయిన మనిషి, ఆమె తిరిగివచ్చాక వెనుకబల్లకు చేరారు. మంత్రివర్గనిర్మాణానికి ఎన్నో లెక్కలుంటాయి. విశ్వాసపాత్రత వాటిలో ఒకటి మాత్రమే. అది కూడా ఎవరిపట్ల అన్న ప్రశ్న పార్టీలు విలీనమైనచోట జటిలమవుతుంది.

2023 మే 29 ఎన్నికలు రెండుపార్టీల సూటిపోటీ. కాల్గరీయే నిర్ణాయకమని ఇరుపక్షాలకూ తెలుసు. యునైటెడ్ కన్సర్వేటివ్‌లు 49 స్థానాలతో అధికారం నిలుపుకున్నా, కాల్గరీలో వారికి 12, న్యూ డెమొక్రాట్‌లకు 14 వచ్చాయి. ఎడ్జ్‌మాంట్‌లో న్యూ డెమొక్రాట్ జూలియా హేటర్ చేతిలో పండా స్వల్పతేడాతో ఓడిపోయారు. పాత పేరుతో కొనసాగిన కాల్గరీ–ఫుట్‌హిల్స్‌లో చైనా మూలాలున్న మంత్రి జేసన్ లువాన్ ఓడారు. ఎడ్మంటన్‌లో మాడు ఓడారు. ఈ మూడు ఓటముల్లో వలసవ్యతిరేకతను వెదకడం వ్యర్థం. అదే రాత్రి అదే నగరంలో ఇక్కడే పుట్టిపెరిగిన మంత్రులు కూడా ఓడిపోయారు. 2015లో ఫుట్‌హిల్స్ ఓటరు ప్రభుత్వాన్ని శిక్షించడానికి పండాను ఎంచుకున్నాడు. 2023లో ఎడ్జ్‌మాంట్ ఓటరు ప్రభుత్వాన్ని శిక్షించడానికి పండాను తిరస్కరించాడు. ఓటరు తర్కం రెండుసార్లూ ఒకటే. మధ్యలో అభ్యర్థి నిలబడిన స్థానం మారింది.

వలససముదాయపు రాజకీయనాయకుని సమానత్వానికి గెలుపును మాత్రమే కొలబద్దగా తీసుకోవడం వల్ల ఈ ఓటమి విలువ కనబడకుండా పోతుంది. 1907లో బ్రిటిష్ కొలంబియా భారతీయుల ఓటు తీసివేసింది జాతినిబట్టి. 2023లో కాల్గరీ ఒక భారతసంతతి అభ్యర్థిని ఓడించింది పార్టీనిబట్టి. తన పార్టీచేసిన పనులకు తాను జవాబుదారీ కావడం, మిగతా అభ్యర్థులతోపాటు అదే గాలికి పడిపోవడం సంపూర్ణపౌరసత్వంలో భాగమే. పండా విషయంలో ఇంకా తేలవలసిన ప్రశ్న వేరొకటి ఉంది. ఆయన సభలో ఉన్న సుమారు ఎనిమిదేళ్ళలో ప్రాతినిధ్యం వహించింది ఫుట్‌హిల్స్, ఎడ్జ్‌మాంట్ నియోజకవర్గాలకు. తెలుగువారు ఆయనను తమ ప్రతినిధిగా భావించి ఉండవచ్చు. అయితే వారిలో అత్యధికులకు ఆయనకు ఓటువేసే అవకాశమే లేదు. వారు ఇతర నియోజకవర్గాల్లో, ఇతర రాష్ట్రాల్లో, ఇతర దేశాల్లో ఉన్నారు. ఓటులేని ఈ అభిమానగణం ప్రవాసనాయకునినుంచి ఏమి ఆశిస్తుంది, అతడు వారికి ఏ మేరకు బాధ్యుడు అన్నది అల్బర్టా శాసనసభ కార్యకలాపాల లిఖితప్రతుల్లో దొరికే విషయం కాదు. కాల్గరీ తెలుగుసంఘాల సమావేశాల వార్తలు, ప్రచారంలో తిరిగిన కార్యకర్తల జ్ఞాపకాలు, తెలుగు పత్రికల ప్రవాసపుటలు సేకరించి చదవవలసి ఉంది. ఆ తరం ఇంకా కాల్గరీలోనే ఉంది. అడిగితే చెప్పగలిగిన వయసులోనే ఉంది.